పడిశం పట్టినప్పుడు: ఒత్తవలసిన తావులు, ఆగవలసిన వేళలు

ప్రతి ఏటా ఆషాఢ పౌర్ణమి వెళ్లిన రెండు మూడు రోజులకు మా అన్నదాన మండపంలో ఒకే మాట పదిమంది నోట వినబడుతుంది. "మాస్టారూ, ముక్కులు రెండూ బిగదీసుకుపోయాయండీ." చతుర్దశినాడు తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు కాలినడకన ప్రదక్షిణ చేసి వచ్చిన భక్తులు వారు. దారిలో వాన పడుతుంది, ఆగుతుంది, మళ్లీ పడుతుంది. అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేసేవారూ ఉంటారు. తెల్లవారేసరికి తడిబట్టలతోనే పరవాడ బస్సెక్కి ఇల్లు చేరుతారు. మూడోనాటికి తుమ్ములు, ముక్కు కారడం, నుదుటి బరువు. మా ప్రాంతంలో దీనిని రొంప అంటారు, పడిశం అంటారు. వైద్యగ్రంథాలలో ప్రతిశ్యాయమనీ పీనసమనీ పేర్లు. పడిశం పది రోగాల పెట్టు అని సామెత ఉండనే ఉంది.

వానలో తడిసినందువల్లనే పడిశం వచ్చిందని మనమనుకుంటాము. నిజానికి దానిని కలిగించేవి వైరసులు. రెండు వందలకు పైగా రకాలున్నాయి. లక్షల మంది భుజాలు రాసుకుంటూ నడిచే చోట, ఒకరు పట్టుకున్న కమ్మీనే మరొకరు పట్టుకునే చోట అవి ఒకరి చేతినుండి మరొకరి చేతికి, ఆ చేతినుండి ముక్కుకు చేరుతాయి. వాన పాపం కొంత, గుంపు పాపం ఎక్కువ.

నేను వైద్యుడను కాను. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ముప్పయ్యేళ్లకు పైగా సైన్సు చెప్పి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయుడను. సుద్దముక్కల పొడి వల్లనో, పుట్టుకతో వచ్చిన తత్త్వం వల్లనో నాకు సైనసు బాధ పాతికేళ్లుగా తోడుంది. దానికోసమే ఆక్యుప్రెషర్ నేర్చుకున్నాను. అనగా సూదులు లేకుండా, మన వేళ్లతోనే శరీరంమీది కొన్ని తావులను ఒత్తి ఉపశమనం పొందే పద్ధతి. ఆదివారాలు మండపంలో కూర్చుని అడిగినవారికి చూపుతుంటాను. ఎన్టీపీసీ సింహాద్రి విద్యుత్కేంద్రంలోను, ఫార్మాసిటీలోను షిఫ్టు ముగించుకొని వచ్చే కార్మికులు, ముత్యాలమ్మపాలెం మత్స్యకారులు, దాతల కుటుంబాలవారు వస్తారు. పరవాడ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినా మా పనులూ రోగాలూ ఆసుపత్రులూ విశాఖతోనే ముడిపడి ఉన్నాయి. వచ్చినవారికి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మండపంలో సమయం చాలక చెప్పలేకపోయిన ఒక విషయం కూడా రాస్తాను.

ముందుగా ముక్కు ఎందుకు మూసుకుపోతుందో తెలియాలి. చీమిడి అడ్డుపడుతుందని అందరూ అనుకుంటారు, అందుకే బలంగా చీదుతారు. ముక్కు లోపలి గోడలమీద చుట్టచుట్టిన ఆకుల వంటి మడతలు ఒక్కొక్క వైపు మూడేసి ఉంటాయి. వాటినిండా సన్నని రక్తనాళాలు. పడిశం పట్టినప్పుడు ఆ నాళాలు ఉబ్బి మడతలు లావెక్కి దారిని మూస్తాయి. ఎంత చీదినా ఉబ్బు పోదు. పైగా గట్టిగా చీదితే లోపలి మురికి సైనసులలోకి, చెవులలోకి ఎగదన్నవచ్చు. సైనసులంటే ముఖపు ఎముకలలోని గాలి అరలు, నాలుగు జతలు. వాటిలో పెద్దవి చెంపలలో ఉన్నవి. వీటి నిర్మాణంలో ఒక చిత్రముంది. చెంప అరకు ద్వారం అడుగున కాక పైభాగాన ఉంటుంది. కనుక మనం నిలబడి ఉన్నప్పుడు అందులోని ద్రవం దానంతటది జారిపోదు. లోపలి పొరమీది సూక్ష్మమైన నూగు దానిని పైకి తోయాలి. ఆ ద్వారమే వాచి మూసుకుంటే చెంప బరువు, పళ్ల సలుపు, వంగినప్పుడు తలలో దిమ్ము.

ఇక తావులు. మొదట సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దీనిని మర్యాదకోసం చెప్పడం లేదు. వైరసు ముక్కుకు చేరే దారి చేయే అని పైన చెప్పుకున్నాము. ఆ చేతితోనే ముఖమంతా ఒత్తుకోబోతున్నాము. గోళ్లు కత్తిరించి ఉండాలి. కుర్చీలోనో గోడకానుకొనో కూర్చుని భుజాలు వదులుగా ఉంచుకోవాలి.

చేతితో ఆరంభించడం నా అలవాటు. ఎడమచేతి బొటనవేలిని చూపుడువేలికి చేర్చి నొక్కి ఉంచితే చేతి వెలుపలివైపు, ఆ రెండింటి నడుమ కండ ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు శిఖరం ఎక్కడో గుర్తుపెట్టుకొని వేళ్లు వదులుచేయాలి. కుడిచేతి బొటనవేలిని ఆ తావుమీద, చూపుడువేలిని అరచేతి వైపున ఉంచి, చూపుడువేలి ఎముకవైపుగా నెమ్మదిగా ఒత్తాలి. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తరువాత చేయి మార్చాలి. ఎంత గట్టిగా అని అందరూ అడుగుతారు. సలుపు తెలియాలి కాని మొగం చిట్లించేటంత నొప్పి పుట్టకూడదు. ఊపిరి బిగబట్టవలసి వస్తే ఒత్తిడి ఎక్కువైనట్టే. గర్భిణులు ఈ తావును ఒత్తకూడదని సంప్రదాయ నిషేధముంది. దానిని పాటించవలసినదే.

రెండవది ముక్కుపుటాల పక్కన. ముక్కుపుటం ముగిసే చోట, చెంపవైపున నవ్వుగీత మొదలయ్యే గుంటలో రెండు చూపుడువేళ్లు ఆనించి చిన్న వలయాలుగా తిప్పుతూ ఒత్తాలి. అక్కడినుండి వేళ్లను పక్కకు జరిపితే, కంటిపాపకు సూటిగా కిందుగా, చెంప ఎముక అంచు కింద మరొక తావు దొరుకుతుంది. చెంప బరువున్నవారికి ఇది హాయినిస్తుంది. వేళ్లను ఎముక అంచుకిందనుండి పైకి ఆనించాలి. తరువాత కనుబొమల లోపలి కొసలు. అక్కడ ఎముకమీద చిన్న నొక్కు తగులుతుంది. మోచేతులు బల్లమీద ఆనించి, రెండు బొటనవేళ్లను ఆ నొక్కులలో పెట్టి, తల బరువును వాటిమీద వాల్చితే చాలు, వేరే బలం అక్కరలేదు. కనుగుడ్డుమీద మాత్రం ఎన్నడూ ఒత్తకూడదు. కనుబొమల నడుమ, మనం బొట్టు పెట్టుకునే చోటు మరొక తావు. అక్కడ ఒకే వేలు చాలు.

చివరిది మెడవెనుక. పుర్రె అడుగు అంచున, మెడ కండరాలకు అటూ ఇటూ రెండు గుంటలుంటాయి. చేతులు తలవెనుక పెనవేసి బొటనవేళ్లతో ఆ గుంటలలో పైకి ఒత్తాలి. నుదుటి బరువు, తలదిమ్ము ఉన్నవారు దీనినే ఎక్కువగా ఇష్టపడతారు. మెడ ముందుభాగాన, పక్కన నాడి కొట్టుకునే చోట ఒత్తకూడదు. మెడ ఎముకల అరుగుదల ఉన్న వృద్ధులు దీనిని వదిలివేసినా లోటులేదు. మొత్తం మీద పది నిమిషాల పని. రోజుకు మూడు నాలుగుసార్లు చేసుకోవచ్చు. పుండు, గడ్డ, దెబ్బ ఉన్న చోట చేయరాదు.

ఈ తావుల పేర్లు చైనా భాషవి. ముక్కు పక్కనున్న దానికి వారు పెట్టిన పేరుకు పరిమళానికి స్వాగతం పలకడమని అర్థం. చేతిమీది దానికి కలిసే లోయ అని. ఈ పేర్లు మొదట విన్నప్పుడు నాకు సుశ్రుతసంహిత గుర్తుకువచ్చింది. అందులో శారీరస్థానంలో 107 మర్మాల వర్ణన ఉంది. ముక్కు మార్గానికి రెండు వైపులా ఉండే మర్మాలకు ఫణములని పేరు. అక్కడ గాయమైతే వాసన తెలియకుండా పోతుందని సుశ్రుతుడు చెప్పాడు. చైనావారు పరిమళానికి స్వాగతమన్నదీ ఆ ముక్కుపుటాల పక్కనే. కనుబొమల నడుమ స్థపని, బొటనవేలికీ పక్కవేలికీ నడుమ క్షిప్రము అనే మర్మాలున్నాయి. ఇన్ని పోలికలు చూసి కొందరు మన మర్మవిద్యే చైనాకు వెళ్లిందని ఉపన్యాసాలిస్తారు. నాకా తొందర లేదు. సుశ్రుతుడు మర్మాలను చెప్పినది శస్త్రవైద్యుడు కత్తి తగలనీయక కాపాడవలసిన తావులుగా. ఒత్తి జలుబు తగ్గించుకొమ్మని కాదు. రెండు దేశాలలోను ముఖాన్ని శ్రద్ధగా తడిమి చూసిన పెద్దలున్నారని అనుకుంటే సరిపోతుంది.

ఆ విద్య మన దేశానికి వచ్చిన తీరు వేరే కథ. 1938లో చైనాకు సేవచేయడానికి మన దేశం ఐదుగురు వైద్యుల బృందాన్ని పంపింది. అందులో షోలాపూరుకు చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే 1942లో మరణించాడు. మన పద్మశాలీలు ఎందరో స్థిరపడిన ఊరు షోలాపూరు, అందుచేత ఆ పేరు విన్నప్పుడు మనకు కొంచెం మనవాడనిపిస్తుంది. ఆ బృందంలోనే ఉన్న విజయకుమార్ బసు తరువాతి కాలంలో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొని 1959 నుండి కలకత్తాలో ఆ వైద్యం చేశాడు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ పసిఫిక్ కార్యాలయం 361 బిందువుల స్థానాలను ప్రామాణికంగా ప్రచురించింది. ఏ బిందువు ఎక్కడున్నదో అందులో ఉంది. ఏ రోగం నయమవుతుందో అందులో లేదు. ప్రచార కరపత్రాలలో ఈ రెండూ కలిపివేస్తుంటారు.

మరి ఒత్తితే జరిగేదేమిటి? జరిగేది ఉపశమనం. పడిశం కలిగించిన వైరసు చావదు, రోగం రోజులు తగ్గవు. మనకు తెలిసిన ఒక ఉదాహరణ చెబుతాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ఆరంభించారు. నాటినుండి తెలుగు ఇళ్లలో అమ్మ ఆ మందును వేలికి తీసుకొని రాసే చోట్లు చూడండి. కనుబొమల నడుమ, కణతలు, ముక్కు పక్కలు, మెడవెనుక. ఎవరూ చైనా పుస్తకం చదివి రాయలేదు, బాధ ఉన్నచోటికి చేయి పోయింది. అటువంటి మందులలోని మెంథాల్ ముక్కులోని వాపును తగ్గించదని పరీక్షలలో తేలింది. చల్లదనాన్ని గుర్తించే నాడులను అది తాకుతుంది, గాలి బాగా ఆడుతున్నట్టు తోస్తుంది. తోచడమే కదా అని తీసిపారవేయనక్కరలేదు. రాత్రి నిద్ర పట్టడానికి అది చాలు. వేళ్ల ఒత్తిడి కూడా నాకు తెలిసినంతలో ఈ కోవకు చెందినదే. కొంత నాడుల మీద ప్రభావం, కొంత మెడ కండరాల సడలింపు, పది నిమిషాలు కదలక కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీయడం వల్ల కొంత. ఖర్చులేదు, హాని దాదాపు లేదు. నేనీనాటికీ చేసుకుంటున్నాను.

మన యోగులకు ఈ విషయంలో ఒక పరికరముండేది. సాధువుల పటాలలో చంక కింద పెట్టుకునే చిన్న ఊతకర్రను చూసే ఉంటారు. అది యోగదండం. ఒక చంకలో ఒత్తిడి కలిగిస్తే రెండవవైపు ముక్కురంధ్రం తెరుచుకుంటుంది. ఇడా పింగళల స్వరాన్ని మార్చుకోవడానికి వారు దానిని వాడారు. ముక్కురంధ్రాలు కొన్ని గంటలకొకసారి వంతులవారీగా తెరుచుకుని మూసుకుంటాయని 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మను వైద్యుడు రాశాడు. స్వరశాస్త్రం ఎరిగినవారికి అది కొత్త కాదు. కర్ర లేకపోయినా పడక చాలు. ఎడమ ముక్కు బిగిస్తే కుడివైపు ఒత్తిగిలి పడుకోండి, కాసేపటికి ఎడమది వదులవుతుంది. మరొకటి ఓంకారం. నోరు మూసి మకారాన్ని దీర్ఘంగా ముక్కుతో పలికినప్పుడు, మామూలుగా ఊపిరి వదిలినప్పటికంటె ముక్కునుండి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు దాదాపు పదిహేను రెట్లు పెరుగుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కొలిచారు. సైనసులకు, ముక్కుకు నడుమ గాలి మారుతోందని దానికి అర్థం. తావులు ఒత్తుకుంటూ ఓంకారం చేసేవారు రెండూ ఒకేసారి చేసినవారవుతారు.

మండపంలో చెప్పలేకపోయిన విషయం ఇప్పుడు చెబుతాను.

మా అక్కగారిని మేము అప్ప అని పిలుస్తాము. గాజువాకలో ఉంటుంది. ఆమెకు చాలా ఏళ్లుగా చక్కెరవ్యాధి. 2021 మే నెలలో ఆమెకు కరోనా వచ్చింది, స్టెరాయిడ్ మందులు వాడవలసి వచ్చింది, కోలుకుంది. పది రోజుల తరువాత ఫోను చేసి, "తమ్ముడూ, కుడిముక్కు ఒకటే బిగిసింది, చెంప సలుపుతోంది, నువ్వందరికీ చూపించేది నాకూ చెప్పరాదూ" అన్నది. నేను సంతోషంగా చెప్పాను. చెంప ఎముక కింద ఎలా ఒత్తుకోవాలో వీడియోకాల్‌లో చూపాను. మరునాడు అడిగితే కొంత హాయిగా ఉందన్నది. మూడవనాడు, "ఆ చెంప మొద్దుబారినట్టుందిరా, ఒత్తినా తెలియడం లేదు" అన్నది. మొద్దుబారితే నొప్పి తగ్గుతున్నదని నేననుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను. ఐదవనాడు పై దవడలో పన్ను కదిలింది, అంగిట్లో నల్లమచ్చ కనబడింది. మా మేనల్లుడు నన్నడగకుండా ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాడు. మ్యూకార్‌మైకోసిస్, ఆ రోజులలో అందరూ బ్లాక్ ఫంగస్ అన్న జబ్బు. ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్లకు దేశమంతటా కరవుగా ఉన్న సమయమది. పై దవడలో కుడిభాగం తీసివేశారు. కన్ను దక్కింది. ఆమె బతికింది. కట్టుడు దవడతో మెత్తనివి మాత్రమే తింటుంది. సింహాచలం వెళ్లినప్పుడు పులిహోర నాకిచ్చి, దద్ధ్యోదనం తాను తీసుకుంటుంది.

చెంప మొద్దుబారిన రోజుననే వచ్చి ఉంటే దవడ కొంతైనా మిగిలేదేమో అని వైద్యులు మా మేనల్లుడితో అన్నారు. అప్ప నన్ను ఏమీ అనలేదు. ఆ తరువాత ఎనిమిది నెలలు నేను మండపంలో కూర్చోలేదు. మళ్లీ కూర్చోమన్నది ఆమే, ఈసారి ముందు ప్రశ్నలడిగి తరువాత వేళ్లు చూపించమన్నది.

కనుక ఇప్పుడు నా మొదటి ప్రశ్న, చక్కెర ఉన్నదా? రెండవది, బాధ రెండు వైపులా ఉన్నదా, ఒక వైపేనా? సాధారణ పడిశం రెండు పక్కలా ఉంటుంది, మూడవ నాలుగవ రోజున ముదిరి, వారం పది రోజులలో తగ్గుముఖం పడుతుంది. దగ్గు ఇంకొన్నాళ్లు ఉండవచ్చు. చక్కెరవ్యాధి ఉన్నవారికి, స్టెరాయిడ్లు, కేన్సరు మందులు వాడేవారికి, అవయవమార్పిడి జరిగినవారికి ఒక వైపు చెంప నొప్పి, మొద్దుబారడం, ముక్కునుండి నల్లని లేక రక్తపు స్రావం, పన్ను కదలడం, అంగిట్లో నలుపు కనబడితే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఎవరికైనా సరే కంటిచుట్టూ వాపు, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనబడడం, మెడ వంచలేనంత తలనొప్పి, మాట తడబాటు ఉంటే అంతే. ఇవి లేకపోయినా, పది రోజులైనా ఏమాత్రం తగ్గకపోతే, తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెడితే, 102 డిగ్రీలకు పైగా జ్వరంతో చిక్కని స్రావం మూడు నాలుగు రోజులుంటే వైద్యుని చూడాలి. ఏళ్లతరబడి ఒకే ముక్కు మూసుకొని ఉండేవారు కూడా ఒకసారి చూపించుకోవాలి. పసిపిల్లలకు ముక్కు బిగిసి పాలు తాగలేకపోయినా, ఊపిరికి పక్కటెముకలు లోనికి లాగినా వేళ్లతో చేయవలసినదేదీ లేదు, ఆసుపత్రికి ఎత్తుకుపోవడమే. చీమిడి పచ్చబడినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కరలేదు. మందుల దుకాణంలో అడిగి కొనుక్కోవడం మానండి.

ఇంటి చిట్కాలు కొన్ని అడుగుతుంటారు. జలనేతి మంచిదే, ఉప్పునీటితో ముక్కు కడిగితే చాలామందికి హాయి. కాని కుళాయినీరు, చెరువునీరు, పుష్కరిణి నీరు ముక్కులోనికి పోయరాదు. మరిగించి చల్లార్చిన నీరే వాడాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయినీటితో నేతి చేసుకున్న ఇద్దరు, నీటిలోని అమీబా మెదడుకు పాకి మరణించారు. ఆవిరి పడితే సుఖంగా ఉంటుంది, జబ్బు తొందరగా తగ్గదు. మరిగే గిన్నెమీద దుప్పటి కప్పి పిల్లలను కూర్చోబెట్టకండి. గిన్నె ఒరిగి ఒళ్లు కాలుతుంది. ముక్కు తెరిపించే చుక్కలమందు ఐదు రోజులు దాటితే, మందు మానగానే ముక్కు మునుపటికంటె బిగుస్తుంది. దానికి బానిసలైనవారిని ఇద్దరు ముగ్గురిని చూశాను.

ఈ ఏడు గిరిప్రదక్షిణకు వెళ్లేవారు పొడి తువ్వాలు, ఒక జత పొడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో కట్టుకోండి, చిన్న సబ్బుముక్క జేబులో ఉంచుకోండి. దారిపొడుగునా ప్రసాదాలు చేతికి అందుతాయి, తినేముందు చేయి కడుక్కునే నీరు అన్నిచోట్లా దొరకదు. దగ్గు, తుమ్ము ఉన్నవారు ముక్కుకు గుడ్డ కట్టుకొని నడవండి. చక్కెరవ్యాధి ఉన్నవారు మందులు వెంట తీసుకువెళ్లండి, చెప్పులు లేని పాదాలను ఇంటికి రాగానే చూసుకోండి. పౌర్ణమి తరువాతి ఆదివారం ఉదయం నేను మండపంలో ఉంటాను. అప్ప కూడా వస్తానన్నది. మెడవెనుక తావు చూపించడం తనకు నాకంటె బాగా వచ్చునని ఆమె నమ్మకం.